అరవై దాటాక అప్పజెప్పిన పాఠం

మేడ మీది వాటా, వంటగది బల్ల దగ్గర
రంజాన్‌కు ఇంకా ఆరు నెలలుంది

మా వాగుడుకాయకు,

సలాములు, దువాలు.

నీ ఉత్తరం అందింది. అక్షరదోషాలు పదకొండు. ఎర్రసిరాతో దిద్ది ఇందులోనే పెట్టి పంపుతున్నాను. 'ఆరోగ్యం'లో యవత్తు వదిలేసే మనిషి రోజూ వందమంది రక్తం పరీక్షించి చీటీలు రాస్తోందంటే, ఆ రోగుల్ని దేవుడే కాపాడుతున్నాడు. ఫోన్ చేయవచ్చు కదా అని మళ్ళీ అడిగావు. ఫోన్‌లో మాట్లాడితే తప్పులు దిద్దడానికి వీలుండదు.

అసలు సంగతి విను. నేను ఖురాన్ కంఠస్థం చేస్తున్నాను. మొత్తం. ముప్పై నాలుగేళ్ళు ఊరందరి పిల్లల చేత పాఠాలు బట్టీ పట్టించినదాన్ని, నాకు రాదా? ఉన్నవి ముప్పై భాగాలు, పారాలంటారు. ఈ రంజాన్ లోపల ఐదు, ఆ తర్వాత ఏడాదికి పది. పట్టిక గీసి గోడకు అంటించాను. పట్టిక చూస్తే సగం పని అయిపోయినట్టే ఉంది.

మసీదు పక్క హాల్లో సాయంత్రాలు ఆడవాళ్ళకు తరగతి పెడుతున్నారు. పదిహేను మందిమి. ఒకావిడ దర్జీ. పనిలోంచి నేరుగా వస్తుంది, పెదాల మధ్య ఇంకా రెండు గుండుసూదులు ఉంటాయి. ఉచ్చారణ అలా ఉండడానికి కారణం అవేనని నా అనుమానం. మిగతావాళ్ళ గురించి రాయను, చాడీలు చెప్పడం మానేశాను, కంఠస్థానికి అడ్డమట.

పాఠం చెప్పే మనిషిని చూసి మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాను. ఏడో తరగతిలో కబుర్లు చెప్తోందని వారం రోజులు తలుపు బయట నిలబెట్టానే, ఆ పిల్ల. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఖురాన్ మొత్తం నోటికి వచ్చు. అందరూ ఆపా అంటారు. అక్క అన్నమాట. నా వయసులో నాకొక కొత్త అక్క.

"ఏ వరుసలో కూర్చుంటారు మేడమ్?" అంది.

"మొదటి వరుస" అన్నాను.

"మొదటి వరుస బాగా వచ్చినవాళ్ళకి మేడమ్" అంది.

వెనక కూర్చున్నాను. చూద్దాం, ఎన్నాళ్ళో.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ పిన్ని


రక్తపరీక్షల గది, భోజనం వేళ

పిన్నికి,

వ అలైకుమ్ సలాం.

నువ్వు అడిగావని అమ్మకు చెప్పాను. అన్నం పెట్టమంది. పెట్టి అప్పటికి పది నిమిషాలే అయింది, కంచం ఇంకా ముందే ఉంది. ఇదీ ఇక్కడి సమాచారం.

ఇక నీ సంగతి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. పోయిన ఏడాది కుట్టుమిషను కొన్నావు, ఇప్పుడు దాని మీద కుక్కరు పెడుతున్నావు. అంతకుముందు వ్యాయామం చాప కొన్నావు, దాని మీద బట్టలు మడతపెడుతున్నావు. ఆరంభశూరత్వానికి బిరుదు ఇచ్చేవాళ్ళుంటే నీ ఇంట్లో శాలువాలకు చోటు చాలదు. ఆ పట్టికను గోడకు అంటించావు కదా, జాగ్రత్తగా పీకు, సున్నం ఊడి వస్తుంది.

అయినా కన్నకూతురిలాంటిదాన్ని, ఉత్సాహం నిలవడానికి నాకు తోచిన చిట్కాలు చెప్తాను. ఒకటి, ఎవరికీ చెప్పకు. చెప్పాక అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకున్నాక ఇక చేయాల్సిన పనేముంది? నువ్వు ఇప్పటికే పాలవాడికి కూడా చెప్పి ఉంటావు, కనుక ఈ చిట్కా వృథా. రెండు, ఆ ఆపాకు క్షమాపణ చెప్పు. ఏడో తరగతి పిల్లకు జ్ఞాపకశక్తి ఎంత ఉంటుందో నీకు తెలియదు. అందులోనూ ఖురాన్ మొత్తం నోటికి వచ్చిన పిల్లకు.

నిజం చెప్పు పిన్నీ, ఇంత హఠాత్తుగా ఎందుకు?

వాగుడుకాయ


మేడ మీది వాటా
రంజాన్‌కు నాలుగు నెలల పైచిలుకు

వాగుడుకాయకు,

దోషాలు ఏడు. మెరుగుపడుతున్నావు.

ఎందుకు అని అడిగావు. పుణ్యానికి. ఇంకెందుకు చేస్తారు?

పాలవాడికి చెప్పలేదు. వాడే అడిగాడు.

నిన్న మా తరగతికి ఒక ఉపన్యాసకురాలు వచ్చింది. 'కంఠస్థంలో ఉత్సాహం నిలుపుకోవడం, రంజాన్‌కు సిద్ధపడడం' అని విషయం. చెవికి తగిలించిన మైకు, మెడలో ఒక రుమాలు, మొహం నిండా చిరునవ్వు. మోకాళ్ళ నొప్పులు, షుగరు, రక్తపోటు ఉన్న పదిహేను మందిమి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. "రంజాన్ ఒక పరుగుపందెం, మీరందరూ క్రీడాకారులు" అంది. దర్జీ ఆవిడ తన కాళ్ళవైపు చూసుకుంది. రోజూ లేవగానే అద్దంలో చూసుకుని 'నేను చేయగలను' అని మూడుసార్లు అనుకోవాలట. ఈ పొద్దున చేశాను. అద్దంలో చూసుకోగానే ఉన్న ఉత్సాహం కూడా పోయింది. లక్ష్యాన్ని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాలట, తెరిచినప్పుడల్లా గుర్తొస్తుందని. తెరిచాను. పెరుగు గుర్తొచ్చింది.

వెళ్ళేముందు ఆపా ఆమెను, "మీకు ఎంతవరకు వచ్చండీ?" అని అడిగింది, ఊరికే. "నేను ప్రేరణ ఇస్తానండీ, కంఠస్థం నా విభాగం కాదు" అంది ఆ తల్లి. వడ్డించేవాళ్ళు తినరు కదా.

పట్టిక కాస్త సవరించాను. ఐదు పారాలన్నది తొందరపాటు. రంజాన్ లోపల ఒకటి. ఒక్కటైనా చివరి పారా, చిన్న చిన్న అధ్యాయాలు, సూరాలు. అయితే అవన్నీ ఒకదానికొకటి కవలపిల్లల్లా ఉంటాయి. ఒక సూరాలో బయల్దేరి, ఒకేలాంటి వాక్యం తగలగానే ఇంకో సూరాలోకి మలుపు తిరిగి, హాయిగా చివరిదాకా వెళ్ళిపోతాను. ఆపా ఆపదు. పూర్తిగా చదవనిచ్చి, "చాలా బాగుంది మేడమ్, కానీ నేను అడిగింది ఇది కాదు" అంటుంది. ఆ గొంతు నాకు తెలుసు. నా గొంతే.

ఇంకో మాట. అప్పజెప్పేటప్పుడు అందరూ కూర్చునే అప్పజెప్తారు. నన్ను మాత్రం, "నిలబడితే మీకు బాగా వస్తుందేమో మేడమ్" అంది. కక్ష కాదట, విద్యాపద్ధతి అట.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ పిన్ని


రక్తపరీక్షల గది

పిన్నికి,

చిన్న ఉత్తరం ఇది. బయట వరుసలో ముప్పైమంది చేతులు చాపుకుని ఉన్నారు.

మొన్న పగలు అమ్మను చూసుకునే ఆవిడ స్నానానికి వెళ్ళిన కాసేపట్లో అమ్మ గేటు తీసుకుని వెళ్ళిపోయింది. వీధి చివర మంగలి దుకాణంలో కుర్చీ ఎక్కి కూర్చుందట. మంగలి మంచివాడు కనుక తువ్వాలు కప్పి, "ఏం చేయమంటారమ్మా?" అన్నాడట. "నువ్వేం చేస్తావో నాకేం తెలుసు, నీ పని నువ్వు చెయ్యి" అందట. ఇంటికి తీసుకొచ్చి అప్పగించాడు. చూసుకునే ఆవిడ ఏడ్చింది. నేను నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని కాసేపు కూర్చున్నాను.

నువ్వు వచ్చి ఏడాదిన్నర అయింది. రంజాన్‌కు ముందు ఒక పదిరోజులు రా. బస్సులో ఆరు గంటల దారి. నీ పారా బస్సులో చదువుకోవచ్చు. డ్రైవరుకు కూడా పుణ్యం.

అక్షరదోషాలు లెక్కపెట్టుకో, చూసుకునే ఓపిక లేదు.

వాగుడుకాయ


మేడ మీది వాటా
రంజాన్‌కు రెండున్నర నెలలు

వాగుడుకాయకు,

ఉత్తరం ఆలస్యమైంది. తరగతి వేళలు మార్చారు, ఇల్లు సర్దుకోవాలి, రంజాన్ సరుకులు, మోకాలు. రావాలనే ఉంది. కానీ ఇప్పుడు మధ్యలో వదిలేస్తే నేర్చుకున్నది కూడా పోతుంది. పోయినది మళ్ళీ తెచ్చుకోవడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టమట. రంజాన్ అయ్యాక తప్పకుండా.

దర్జీ ఆవిడ పారా పూర్తిచేసింది. గుండుసూదులతో సహా. ఇంట్లో మిషను తొక్కుతూ చదువుతుందట, ఒక సూరాకు ఒక లంగా అవుతుందట. ఆమెకు మొదటి వరుసలో చోటిచ్చారు. మిఠాయి పంచింది. నేను తీసుకుని తర్వాత తింటానని సంచిలో పెట్టుకున్నాను. తినలేదు. చీమలు తిన్నాయి.

నీకు చెప్పడం మరిచాను, మా తరగతికి ఒక ఉపన్యాసకురాలు వచ్చింది. చెవికి మైకు, మొహం నిండా నవ్వు. ఉత్సాహం నిలుపుకోవడం ఎలా అని. రంజాన్ ఒక పరుగుపందెం అట, మేమందరం క్రీడాకారులమట. మోకాళ్ళ నొప్పుల వాళ్ళం. రోజూ అద్దంలో చూసుకుని నేను చేయగలను అనుకోవాలట. చేసి చూశాను, అద్దంలో నన్ను చూడగానే ఉన్నది కూడా పోయింది. నవ్వుకుంటావని రాస్తున్నాను.

నీ ఉత్తరంలో దోషాలు లెక్కపెట్టలేదు.

మీ అమ్మ జాగ్రత్త.

మీ పిన్ని


ఇల్లు, వరండా

పిన్నికి,

నవ్వుకున్నాను. రెండోసారి కూడా. ఆ ఉపన్యాసకురాలి కథ పోయిన ఉత్తరంలోనే రాశావు, అద్దంతో సహా, మోకాళ్ళతో సహా. అప్పుడు ఫ్రిజ్, పెరుగు కూడా ఉన్నాయి. ఈసారి అవి రాలేదు. ఖురాన్ కంఠస్థం చేసే మనిషివి, చెప్పిన కథ చెప్పానని గుర్తుంచుకోవడం ముందు నేర్చుకో. లేకపోతే తరగతిలో కూడా ఒకే సూరా నాలుగుసార్లు అప్పజెప్పి నాలుగూ వచ్చేశాయంటావు.

ఇక అసలు మాట. రంజాన్ అయ్యాక తప్పకుండా అన్నావు. పోయిన రంజాన్‌కు కూడా ఇదే అన్నావు. సరుకులు, మోకాలు, ఇల్లు సర్దుకోవడం. ఒంటరి మనిషికి ఎన్ని గదులున్నాయి పిన్నీ సర్దడానికి? రెండు.

నువ్వు ఫోన్ ఎందుకు చేయవో నాకు తెలుసు. అక్షరదోషాల కోసం కాదు. ఫోన్ చేస్తే పక్కనుంచి అమ్మ గొంతు వినపడుతుంది. ఎవరే ఫోన్‌లో అని అడుగుతుంది. నీ చెల్లెలే అంటాను. నాకు చెల్లెలెక్కడుంది అంటుంది. అది నీ చెవిన పడుతుంది. ఉత్తరమైతే ఆ బెడద లేదు. ఉత్తరంలో మేమిద్దరం నీకు కావలసినంత గొంతుతోనే మాట్లాడతాం.

నీ పుణ్యం నువ్వు సంపాదించుకో. మా వాటా మేం ఇక్కడ చూసుకుంటున్నాం.

నీ అక్క కూతురు


మేడ మీది వాటా

అమ్మాయికి,

ఉత్తరం అందింది. అక్షరదోషాలు లేవు. కోపం వస్తే తెలుగు బాగా రాస్తావు.

తరగతి మానేశాను. గోడ మీద పట్టిక కూడా తీసేశాను. నువ్వన్నట్టే సున్నం ఊడింది.

పిన్ని


రక్తపరీక్షల గది
రంజాన్‌కు నెలన్నర

పిన్నీ,

రెండు వారాలు ఆగాను, నువ్వే రాస్తావని. రాయలేదు. నాకు నీలా మౌనం పాటించడం రాదు, అందుకే కదా ఆ పేరు పెట్టావు.

నేనన్నది అబద్ధం కాదు. కానీ అలా అనకుండా ఉండాల్సింది. ఆ రోజు అమ్మ నన్ను నర్సు అనుకుని, మీ పెద్ద డాక్టరుతో నీ మీద ఫిర్యాదు చేస్తానంది. నీ ఉత్తరం అదే రోజు వచ్చింది. దొరికినవాళ్ళ మీద పడ్డాను.

పోయిన రంజాన్ ఎలా గడిచిందో నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తాను. అమ్మకు ఉపవాసం అక్కర్లేదని డాక్టరూ చెప్పాడు, మసీదులో పెద్దాయనా చెప్పాడు. అమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. పొద్దున ఇడ్లీలు తిని మూతి తుడుచుకుని, "నేను రోజా ఉన్నాను, నా ముందు తినకండి" అనేది. మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ రోజా. మాత్ర వేద్దామంటే, రోజాలో మందేమిటే సిగ్గులేదా అని చెయ్యి కొట్టేది. రోజుకు మూడు పూటలా తింటూ నెల మొత్తం ఉపవాసం ఉన్న మనిషి ప్రపంచంలో మా అమ్మ ఒక్కతే. సాయంత్రం అందరికంటే ముందు ఖర్జూరం పట్టుకుని, మసీదులో బాంగు పిలుపు ఇంకా కాలేదేం అని కూర్చునేది. ఆ ఒక్క పూట మాత్రం మొహం ఎంత బాగుండేదో.

ఈసారి ఏం చేయాలో నాకు తెలియడం లేదు. చూసుకునే ఆవిడ రంజాన్ నెలంతా తన ఇంటికి వెళ్తానంది. ఆమెదీ ఉపవాసమే, కాదనలేను.

నువ్వు ముప్పై పారాలు నేర్చినా, ఒక్కటీ నేర్వకపోయినా అమ్మకు తేడా తెలియదు. అది నీకు సౌకర్యమే కదా. సిగ్గుపడాల్సిన పని లేని ఇల్లు ఇదొక్కటే.

తరగతి నిజంగా మానేశావా?

వాగుడుకాయ


మేడ మీది వాటా, వంటగది బల్ల దగ్గర

వాగుడుకాయకు,

దువాలు.

నిజం అడిగావు మొదటి ఉత్తరంలో. పుణ్యానికని రాశాను. అది సగం.

ఏడు నెలల కిందట పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. గిన్నె దించాలి. చేతిలోకి తీసుకోవాల్సిన వస్తువు ఎదురుగా మేకుకు వేలాడుతోంది. దాని పేరు రాలేదు. పేరు రాకపోతే ఏం, తీసి పట్టుకుంటే సరిపోతుంది. కానీ నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను, పేరు వస్తేగానీ ముట్టుకోనన్నట్టు. పాలన్నీ పొయ్యి పాలయ్యాయి. సాయంత్రం మెట్లు ఎక్కుతుంటే వచ్చింది. పట్టకారు.

మీ అమ్మకు మొదట పోయింది కూడా వంటగది మాటలే. నీకు గుర్తుందో లేదో, గరిటెను 'అది, తిప్పేది' అనేది. మనం నవ్వేవాళ్ళం.

అందుకని కంఠస్థం మొదలుపెట్టాను. కొత్తగా ఒక్క పారా తలకెక్కితే నా తల బాగున్నట్టే అని. దేవుడి మాటను తలకాయకు పరీక్షపత్రంగా వాడుకున్నాను. ఆయన నవ్వుకుని ఉంటాడు. అంతలో నువ్వు, ఒకే కథ రెండుసార్లు చెప్పావన్నావు. పాత ఉత్తరాల నకళ్ళు ఉండవు కదా, చూసుకుందామన్నా వీల్లేదు. ఎంత ఆలోచించినా మొదటిసారి రాసిన సంగతి గుర్తు రాలేదు. ఆ రాత్రి నుంచి ఖురాన్ పుస్తకం తెరవలేదు.

నాలుగు రోజుల కిందట తలుపు చప్పుడైంది. తీస్తే ఆపా.

"మూడు వారాల నుంచి రావడం లేదు మేడమ్" అంది.

"మానేశాను" అన్నాను.

"కారణం రాసి, ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టిన చీటీ ఏది?" అంది.

అది నేను ముప్పై నాలుగేళ్ళు ప్రతి పిల్లనూ అడిగిన మాట. చీటీ మీద సంతకం పెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరని చెప్పాను. కూర్చోమని చెప్పాను. టీ పెట్టాను, చక్కెర వేశానో లేదో అనుమానం వచ్చి మళ్ళీ వేశాను. ఆ పిల్ల మొహం చిట్లించకుండా పానకంలాంటి టీ మొత్తం తాగింది. అప్పుడు చెప్పాను, నా తల పనిచేయడం లేదు తల్లీ అని.

"నాకూ రోజూ పోతుంది మేడమ్" అంది.

"నీకేం పోతుంది? మొత్తం వచ్చినదానివి."

"వచ్చిందంటే ఒకసారి వచ్చి ఉండిపోతుందనుకున్నారా? కట్టు విప్పుకున్న ఒంటె అది. పొద్దున కట్టేస్తాను, సాయంత్రానికి ఊరవతల ఉంటుంది. వెళ్ళి పట్టుకొచ్చి మళ్ళీ కట్టేస్తాను. నా బతుకంతా అదే పని. మీరేమో పట్టిక గీసుకుని, కట్టేసిన ఒంటెలు లెక్కపెడుతున్నారు."

"నువ్వు కూడా ఉపన్యాసం మొదలుపెట్టావా?" అన్నాను.

"లేదు మేడమ్, మీ మాటే. పద్యాల పోటీలో నేను మధ్యలో ఆగిపోతే, మర్చిపోవడం తప్పు కాదు, వెనక్కి వెళ్ళి తెచ్చుకోకపోవడం తప్పు అన్నారు."

నేను అన్నానో లేదో నాకు గుర్తు లేదు. గుర్తు లేదని దానికి చెప్పలేదు. ఇంత మంచి మాట ఎవరో నా పేరున వేస్తుంటే కాదనడమెందుకు?

"తలుపు బయట వారం నిలబెట్టాను, అది గుర్తుందా?" అని అడిగాను.

"బయట ఎండ బాగుండేది మేడమ్" అంది. అంతే. క్షమించిందో లేదో తేల్చలేదు. అంత తేలికగా తేల్చకూడదు కూడా.

పారా వద్దని చెప్పాను. ఒక్క సూరా చాలు, రహ్మాన్. చిన్నప్పుడు మీ అమ్మ నాకు జడ వేస్తూ అదే చదివేది, నేను కదిలితే జుట్టు లాగేది. సగం చెవులకు తెలుసు. కానీ అందులో ఒకే వాక్యం ముప్పై ఒక్కసార్లు వస్తుంది, మీ ప్రభువు చేసిన మేళ్ళలో దేన్ని కాదంటారు అని. వచ్చిన ప్రతిసారీ అదొక నాలుగురోడ్ల కూడలి, ఎటు వెళ్ళాలో తెలియదు. నిన్న ఒక కూడలి దగ్గర మొదలై, ఊరంతా తిరిగి, అదే కూడలికి వచ్చాను. "మళ్ళీ" అంది ఆపా. కూర్చునే అప్పజెప్తున్నాను ఇప్పుడు.

రంజాన్‌కు వారం ముందు వస్తాను. నా కోసం ఏమీ వండవద్దు. నీ వంట నాకు గుర్తుంది, అది మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

మీ పిన్ని


రక్తపరీక్షల గది

పిన్నీ,

రా. కిటికీ పక్క మంచం నీకు. అమ్మ అర్ధరాత్రి లేచి నీ దుప్పటి లాక్కుంటే గొడవపడకు, ఇంకోటి పక్కనే పెడతాను.

వచ్చిన మర్నాడే నిన్ను మా ఆసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. చీటీ రాయించేశాను. రానంటే నీకు రక్తం తీసేది నేనే, సూది లావుది తీసుకుంటాను. పట్టకారు పేరు మర్చిపోయినవాళ్ళందరినీ పిచ్చివాళ్ళ కింద లెక్కేస్తే, మా ఆసుపత్రిలో డాక్టర్లు మిగలరు.

ఆ ఉపన్యాసకురాలి కథ ఎన్నిసార్లయినా రాయి. మూడోసారికి మైకు ఆవిడ చెవిలోంచి ఊడిపడాలి.

వాగుడుకాయ


మేడ మీది వాటా
రేపో ఎల్లుండో నెలవంక

మా వాగుడుకాయకు,

నిన్న సాయంత్రం మీ ఊరి నుంచి వచ్చిన బస్సు దిగి క్షేమంగా ఇంటికి చేరాను. రెండు రోజుల్లో ఇంటికి తాళం పెట్టి, బియ్యం పక్కింటికి ఇచ్చి, బట్టలు తెచ్చుకుని తిరిగి వస్తాను. నెలంతా అక్కడే. ఆపా ఫోన్‌లో పాఠం వింటానంది. ఈ ఉత్తరం నాకంటే ముందు వస్తుందో, వెనక వస్తుందో తెలియదు. అక్కడ ఉండగా నీ మొహం చూస్తూ చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది, అందుకే రాస్తున్నాను.

నీ డాక్టరు సంగతి నీకు తెలిసిందే. ఈ వయసుకు ఇంత మరపు మామూలే అన్నాడు, ఏడాది తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు, గీశాను. ఒక వాక్యం రాయమన్నాడు. 'మీ గోడ మీది ప్రకటనలో చికిత్సకు సవత్తు లేదు' అని రాశాను. పాసైనట్టే అన్నాడు. నువ్వు బయటికొచ్చి నవ్వావు, తర్వాత మూలకు తిరిగి ముక్కు తుడుచుకున్నావు. చూశాను.

ఇది ఆ మర్నాటి మాట. నువ్వు పనికి వెళ్ళావు, చూసుకునే ఆవిడ బజారుకు వెళ్ళింది. మీ అమ్మ వరండాలో కూర్చుని ఒకే తువ్వాలును మడతపెడుతోంది, విప్పుతోంది. వచ్చి మూడు రోజులైనా నన్ను ఏమీ అడగలేదు. అన్నం పెడితే తింది, అంతే. ఎదురుగా చిన్న బల్ల వేసుకుని కూర్చున్నాను.

"ఎవరమ్మా నువ్వు?" అంది, మర్యాదగా.

"చదివి వినిపించడానికి వచ్చాను" అన్నాను.

"ఐతే చదువు" అంది.

మొదలుపెట్టాను. గొంతు వణికింది. బడిలో వెయ్యిమంది పిల్లల ముందు వణకనిది, తువ్వాలు మడతపెట్టే ఒక్క మనిషి ముందు వణికింది. మొదటి కూడలి దాటాను, రెండోది దాటాను. ఎనిమిదో తొమ్మిదో దగ్గర దారి తప్పాను. వెనక్కి వెళ్ళాను, తెచ్చుకున్నాను. మళ్ళీ తప్పాను. మీ అమ్మ అలాగే మడతలు పెడుతోంది. వింటోందో లేదో తెలియదు. మూడోసారి ఆగిపోయినప్పుడు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది.

"బాగా తడబడుతున్నావు" అంది.

"అవునండీ" అన్నాను.

"మా చెల్లెలైతే గడగడా చదువుతుంది."

నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఏడాదిన్నరగా, నాకు చెల్లెలెక్కడుంది అని వినాల్సి వస్తుందనే కదా నేను రానిది. ఆమెకు చెల్లెలుంది. నేనే లేను.

"మీ చెల్లెలు ఎక్కడుంటుంది?" అన్నాను.

"దానికి బడి. పెద్ద మేడమ్. పిల్లలందరికీ అదంటే హడలు." కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి, "నాక్కూడా" అంది.

నవ్వాను. ఆపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వింది, ఇద్దరం ఎవరినో వేళాకోళం చేసుకుంటున్నట్టు. చిన్నప్పుడు మా అమ్మ వెనకాల నవ్వుకున్నట్టు. అప్పుడు ధైర్యం వచ్చింది.

"అక్కా, నేనే" అన్నాను.

నా మొహం పరీక్షగా చూసింది. చెయ్యి చాపి నా నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తీసి మరీ చూసింది.

"నువ్వా? దాని జుట్టు నల్లగా ఉంటుంది" అంది. అని, నన్ను నొప్పించానేమో అనుకుందో ఏమో, "నీ జుట్టు కూడా బాగానే ఉందిలే" అంది.

గేటు దగ్గర ఎవరో సైకిలు బెల్లు కొట్టి వెళ్ళారు. తువ్వాలు మళ్ళీ మడతపెట్టి, నా ఒళ్ళో పెట్టి, "ఊఁ, కానీ" అంది.

మొదటినుంచి చదివాను. ఈసారి ఎన్ని చోట్ల ఆగానో లెక్కపెట్టుకోలేదు, ఆగినచోటల్లా వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాను. చివరిదాకా వచ్చేసరికి వరండాలో ఎండ ఆమె పాదాల మీదికి వచ్చింది. పాదాలు లోపలికి తీసుకుంది.

"పర్వాలేదు" అంది. "రోజూ రా. జీతం సంగతి మా అమ్మాయిని అడుగు, అది గయ్యాళిదే కానీ ఎగ్గొట్టదు. రంజాన్ వస్తోంది కదా, ఇంట్లో ఖురాన్ వినపడాలి."

"సరేనండీ" అన్నాను.

"మా చెల్లెలు వచ్చేదాకానే సుమా. అది వచ్చాక నీ అవసరం ఉండదు."

అప్పటిదాకా నేను ఖాళీయేనండీ అన్నాను.

మీ పిన్ని